చంద్రశిల దారిలో

తెలుగునాట పుట్టి పెరిగినవారికి కొండ యనగానే తిరుమల కొండ మనస్సునకు వచ్చును. అలిపిరి కడ టెంకాయ కొట్టి, గోవిందనామము చెప్పుకొనుచు మెట్లెక్కినవారు మన యిండ్లలో ఎందఱో కలరు. మోకాళ్ళ పర్వతము దాటితిమన్న గర్వము కొన్ని యిండ్లలో మూడు తరములది. ఆ కొండ వేయి మీటర్లకు లోపలిదే. మన తూర్పు కనుమలలో మిక్కిలి యెత్తయినవిగా చెప్పబడు పాడేరు ప్రాంతపు శిఖరములు సైతము 1,700 మీటర్లు దాటవు. నీలగిరులలోని దొడ్డబెట్ట 2,637 మీటర్లు. అచటికి మోటారులో పోయి, వేయించిన వేరుసెనగలు తిని తిరిగివచ్చి, గొప్ప పర్వతము నెక్కితిమని చెప్పుకొన్నవారిలో మేమును ఉన్నాము. ఇప్పుడు మేము చెప్పబోవు యాత్రలో మోటారు దిగిన చోటే దొడ్డబెట్టకంటె కొంచె మెత్తు.

ఉత్తరాఖండ రాష్ట్రమున రుద్రప్రయాగ జిల్లాలో చోప్తా అను పచ్చికపట్టు కలదు. దాని యెత్తు సుమారు 2,680 మీటర్లు. అచటినుండి రాతిపలకలు పఱచిన బాటవెంట నాలుగు కిలోమీటర్లకు కొంచెము తక్కువగా నడచినచో 3,680 మీటర్ల యెత్తున తుంగనాథ దేవాలయము వచ్చును. ఆపైన మఱి కిలోమీటరు పైచిలుకు కాలిబాట ఎక్కినచో చంద్రశిల శిఖరము. అది 4,000 మీటర్లకు అటునిటుగా ఉండును. త్రాళ్ళు, మంచుగొడ్డళ్ళు అక్కఱలేదు. కాళ్ళలో సత్తువ, మనస్సులో ఓర్పు ఉన్నచో చాలునందురు. హిమాలయమున తొలిసారి కొండ యెక్కదలచువారికి ఇది తేలికయైన శిఖరమని పేరు. ఆ ‘తేలిక’ అను మాటయే మమ్ములను తప్పుదారి పట్టించినది.

మేము నలుగురము, విశ్వవిద్యాలయమున ఒకే వసతిగృహములో ఉండి చదువుకొన్నవారము. ఒకరు కళాశాలలో గణితము బోధింతురు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరికి బట్టల దుకాణము, మిగిలిన వంతు రేడియోది. అందఱమును నలువది దాటినవారమే. మూడు నెలల ముందునుండి వేకువనే లేచి నడక సాగించితిమి. ఆదివారములు బెజవాడ దుర్గమ్మ కొండ మెట్లు, కొండపల్లి ఖిల్లా దారి మాకు కసరత్తుశాలలైనవి. కొత్త బూట్లు కఱచునని, అవి కాలికి అలవాటగువఱకు బ్యాంకునకు, దుకాణమునకు, కళాశాలకు వానినే తొడిగికొని పోయితిమి. గణితోపాధ్యాయుని విద్యార్థులు “మాస్టారు ఎవరిమీద యుద్ధానికి వెళ్తున్నారో” అనుకొన్నారట. ఉన్ని బట్టలు, చేతికఱ్ఱలు, చేగోడీలు, వేరుసెనగ అచ్చులు, వీనితో పాటు ఒక సీసా ఆవకాయ సిద్ధమైనవి.

బయలుదేరుటకు ముందురోజు బట్టల దుకాణపు మిత్రుని తల్లిగారు మమ్ములను భోజనమునకు పిలిచిరి. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. విస్తరిలో నేయి వడ్డించుచు, “ఎలాగూ అంత దూరం వెళ్తున్నారు. బదరీనాథుణ్ణి కూడా చూసి, నాకు కాస్త తీర్థం తెచ్చిపెట్టండి నాయనా” అనిరి. తప్పక తెత్తుమని నలుగురము మాట ఇచ్చితిమి. మాకున్న సెలవు తొమ్మిది దినములు. రాకపోకలు పోగా చంద్రశిలకు ఒక దినము, బదరికి రెండు దినములు అని లెక్క తేలెను. లెక్క గట్టినవారు గణితోపాధ్యాయులే గనుక ఎవరును మఱల చూడలేదు.

అది అక్టోబరు రెండవ వారము. వానలు వెనుకబట్టి ఆకాశము కడిగిన పళ్ళెమువలె నుండెను. ఋషికేశమున తెల్లవాఱుజామున మోటారెక్కితిమి. దేవప్రయాగకడ నీలి భాగీరథి, మట్టిరంగు అలకనంద కలిసి గంగ యను పేరు దాల్చుట చూచితిమి. 1926లో జిమ్ కార్బెట్ నరభక్షకియైన చిఱుతను కాల్చి చంపిన రుద్రప్రయాగ దాటితిమి. సాయంకాలమునకు ఊఖీమఠము చేరితిమి. చలికాలమున కేదారనాథుని ఉత్సవమూర్తి ఉండు ఊరది. దాని యెత్తు 1,300 మీటర్ల ప్రాంతము. మాకు దారి చూపుటకు కుదుర్చుకొన్న గఢ్వాలీ యువకుడు అచట మమ్ములను కలిసికొనెను. అతడు హిందీలో చెప్పిన మాటలకు తెలుగు ఇది: “ఈ రాత్రి, రేపు ఇక్కడే ఉందాం సాబ్. ఎల్లుండి పైకి పోదాం. కొండ ఎక్కడికీ పోదు.”

కొండ పోకపోయినను సెలవు పోవునని మేము నవ్వితిమి. “ఇక్కడ ఒక రోజు పోతే బదరీ పోయినట్టే” అని బ్యాంకు మిత్రుడనెను. అందఱము తలలూపితిమి. ఆ రాత్రియే చోప్తాలో ఒక బసలో దిగితిమి. ఉదయము మేము లేచిన ఋషికేశము 400 మీటర్లకు లోపలిది. పండుకొన్న చోప్తా 2,680 మీటర్లు. ఒక్క పగటిలో రెండువేల మూడువందల మీటర్లు పైకి వచ్చితిమి. ఎక్కినది మోటారు గనుక మాకు అలసట తెలియలేదు. వంటలో పప్పు బద్ద ఉడుకలేదు. రాత్రి ఎవరికిని కన్ను మూతపడలేదు. చలి యనుకొంటిమి.

అది చలి యొక్కటే కాదు. ఎత్తునకు పోవుకొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గునని పలువురనుకొందురు. అది సరి కాదు. మచిలీపట్నము తీరమునను, చంద్రశిలపైనను గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళే. తగ్గునది గాలి ఒత్తిడి. 4,000 మీటర్ల యెత్తున ఆ ఒత్తిడి సముద్రతీరమున నున్న దానిలో నూటికి సుమారు 60 వంతులే యుండును. ఒక్కొక్క ఊపిరితో లోనికి పోవు ప్రాణవాయువు ఆ మేరకు తక్కువయగును. ఒత్తిడి తగ్గుటచేతనే చోప్తాలో నీరు 91 డిగ్రీల వేడిమికే మరగును. పప్పు ఉడుకకపోవుటకు కారణమదియే. దేహము ఈ కొఱతకు సర్దుకొనగలదు. శ్వాస హెచ్చును, గుండె వడిగా కొట్టుకొనును, కొన్ని వారములకు రక్తమున ఎఱ్ఱకణములు పెరుగును. కాని ఆ సర్దుబాటునకు వ్యవధి కావలయును. వ్యవధి ఇయ్యనిచో తలనొప్పి, వికారము, నిద్రలేమి, నీరసము కలుగును. దానినే పర్వతవ్యాధి యందురు. 2,500 మీటర్లు దాటిన పిమ్మట ఎవరికైనను అది రావచ్చును.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. స్పెయిను దేశపు మతగురువు ఆకోస్తా, పెరూ పర్వతములను దాటునపుడు తనకు కలిగిన వాంతులను గూర్చి 1590లో అచ్చయిన తన గ్రంథమున వ్రాసెను. దీనికి మూలము ప్రాణవాయువు చాలకపోవుటయేయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో నిరూపించెను. మన దేశమునకు ఈ జ్ఞానము మిక్కిలి వెల చెల్లించిన పిమ్మట లభించినది. 1962 నాటి చైనా యుద్ధకాలమున మైదానములలోని సైనికులను ఉన్నపాటున హిమాలయపు ఎత్తులకు చేర్చవలసివచ్చెను. పలువురు శత్రువు కంటబడకముందే రోగగ్రస్తులైరి. సైనిక వైద్యుడు ఇందర్ సింగు, ఆయన సహచరులు 1,925 మంది సైనికులలో ఈ వ్యాధిని పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసము నేటికిని వైద్యులకు ప్రమాణము. వారు కసరత్తు చేసిన దేహములు గల సైనికులు. కండబలము ఈ వ్యాధికి కవచము కాదు. దుర్గమ్మ కొండ మెట్లు మా కాళ్ళను సిద్ధపఱచినవి గాని, మా ఊపిరితిత్తులకు హిమాలయపు గాలిని నేర్పలేదు.

మఱునాడు నాలుగు గంటలకే లాంతరు వెలుగున బయలుదేరితిమి. బాట మొదట బురాంశ వృక్షముల నడుమ సాగును. వసంతమున ఆ చెట్లు ఎఱ్ఱని పూవులతో నిండునట. ఆ పూల రసముతో చేసిన షరబతు సీసాలు చోప్తా దుకాణములలో అమ్ముదురు. మేము పోయిన ఋతువున ఆకులు మాత్రమే యుండెను. రమారమి 3,300 మీటర్ల కడ చెట్లు ఆగిపోవును. అచటినుండి పైకంతయు పచ్చిక బయలు. దానిని అచటివారు బుగ్యాల్ అందురు. అక్టోబరున ఆ పచ్చిక పండిన వరిచేనివలె బంగారు వన్నె తిరిగియుండెను. నెమలికంఠపు రంగులతో మెఱయుచున్న మోనాల్ పక్షి యొకటి వాలు క్రిందికి జారుచు ఎగిరిపోయెను. ఆ రాష్ట్రపు పక్షి అదియే.

ఏడు గంటలకు తుంగనాథము చేరితిమి. పంచకేదారములలో ఇది మూడవది. కురుక్షేత్ర సంగ్రామానంతరము బంధుహత్యాదోషము పోగొట్టుకొనుటకు పాండవులు శివుని వెదకుచు రాగా, ఆయన వృషభరూపమున భూమిలోనికి పోయెనని, ఆ దేహభాగములు ఐదుచోట్ల వెలసెననియు స్థలపురాణము. తుంగనాథమున వెలసినవి బాహువులు. రాతి గుడి చిన్నది. మంచుకాలమున తలుపులు మూసి స్వామిని క్రింద మక్కూమఠమునకు కొనిపోవుదురు. దేవుడు సైతము ఋతువు నెఱిగి కొండ దిగు చోటది. ఆ సంగతి విన్నపుడు మాకు ముచ్చట గొలిపినది గాని, బుద్ధి గొలుపలేదు.

గుడియెదుట అంగడిలో టీ తాగితిమి. గణితోపాధ్యాయుడు తన గ్లాసు ముట్టలేదు. అతడు మాలో మాటకారి. వసతిగృహమున రాత్రి రెండు గంటలవఱకు అతని మాటలతో మాకు నిద్ర లేకుండెడిది. ఆనాడు తెల్లవాఱినది మొదలు అతడు నాలుగు మాటలైన ఆడియుండలేదు. రేడియోలో పనిచేయు మాకు మౌనమనిన భయము. ప్రసారమున పది క్షణములు శబ్దము రాకున్నచో నియంత్రణగదిలోనివారందఱు ఉలికిపడి లేతురు. అట్టి మాకు, పక్కన నడచుచున్న మిత్రుని మూడు గంటల మౌనము వినబడలేదు. దృష్టియంతయు శిఖరముపైననే యుండెను.

గుడి దాటి నాలుగైదు మలుపులు ఎక్కునప్పటికి అతడు ఒక రాతిమీద చతికిలబడెను. మా దారిచూపరి అతని కెదురుగా గొంతుకూర్చుండి, “తల నొప్పిగా ఉందా సాబ్?” అని అడిగెను. “అబ్బే, ఏం లేదు” అని మిత్రుడనెను. ఆ యువకుడు మాఱుమాట యాడక ఒక వేరుసెనగ అచ్చు చేతికిచ్చెను. దాని వాసన తగిలినంతనే మిత్రునకు వాంతి యయ్యెను. అప్పుడు చెప్పెను: రాత్రి పన్నెండు గంటల నుండి తల పగిలిపోవుచున్నది.

శిఖరముపైనున్న చిన్న గుడి మాకు కనబడుచుండెను. ఇంక అరగంట నడక. తూర్పున ఎండ పొడవగా మంచుకొండలు ఒకటొకటిగా తెల్లబడుచుండెను. “మీరు వెళ్ళి రండిరా. నేనిక్కడ కూర్చుంటాను. గంటలో వచ్చేస్తారుగా” అని మిత్రుడనెను. దాచుట యెందులకు? ఆ మాట మాకు ఇంపుగానే తోచినది. ఒకరి మొగమొకరము చూడక నిలుచుంటిమి. అంత దూరము వచ్చినవారమని, అతడే పొమ్మనుచున్నాడని, దారి తేలికయని, మనస్సు సాకులను వరుసగా పేర్చుచుండెను.

దారిచూపరి తల అడ్డముగా ఊపెను. “కూర్చుంటే తగ్గదు. దిగితే తగ్గుతుంది. ఒకరిని విడిచి నేను పైకి రాను” అనెను. కోపముతో అనలేదు, వాన వచ్చునని చెప్పినట్లు చెప్పెను. అప్పుడు బట్టల దుకాణపు మిత్రుడు ఒక్క మాటయు పలుకక, గణితోపాధ్యాయుని సంచి తన భుజమునకు తగిలించుకొని, క్రిందికి నడక సాగించెను. ఆ దినము పోయినచో బదరి లేదని నలుగురిలో ఎక్కువగా ఎఱిగినవాడతడు. అతని వెనుక మేమును దిగితిమి. శిఖరమువైపు తిరిగి చూచితిమా యందురా? చూచితిమి, చాలసార్లు.

చోప్తా చేరునప్పటికే మిత్రుని ముఖమున కొంత కళ వచ్చెను. ఆగక జీపులో ఊఖీమఠమునకు దిగితిమి. సాయంకాలము టీ అడిగి తాగెను. రాత్రి భోజనమున ఆవకాయ కలుపుకొనుచు కూర వండినవానిపై ఛలోక్తి విసరెను. ఆ ఛలోక్తి అంత గొప్పది కాదు. అయినను మాకు ప్రాణము లేచివచ్చినది.

“రాత్రే ఎందుకు చెప్పలేదురా?” అని అడిగితిమి. “వాళ్ళ అమ్మగారి తీర్థం నా తలనొప్పి మూలంగా ఎక్కడ పోతుందోనని” అనెను. “నీ తలకాయకంటె తీర్థం ఎక్కువట్రా?” అని బట్టల దుకాణపు మిత్రుడు కసరెను. ఆపైన బయటపడిన సంగతి మఱింత వింతైనది. బ్యాంకు మిత్రునకును రాత్రియెల్ల తల దిమ్ముగానే యున్నదట. బట్టల దుకాణపు మిత్రునకు వికారము. రేడియోవారి సంగతియు అంతకంటె మెఱుగు కాదు. నలుగురమును ఇతరుల సంతోషము చెడునని నలుగురితోడను బొంకితిమి. మర్యాద యనుకొన్నది అపాయమయ్యెను. వ్యాధి ముదిరి ఊపిరితిత్తులలో గాని మెదడులో గాని నీరు చేరినచో కొన్ని గంటలలోనే ప్రాణము మీదికి వచ్చును. అట్టివేళ దిగవలసిన మనిషిని మర్యాద పైకి నడిపించును.

ఆ రాత్రియే ఆ తల్లికి ఫోను చేసి, బదరికి పోలేమని కొడుకు చెప్పెను. అవతలినుండి వచ్చిన మాట మాకందఱకు వినబడెను: “బదరీనాథుడు ఎక్కడికి పోతాడు నాయనా? నలుగురూ భద్రంగా రండి.” మా దారిచూపరి మొదటి దినమున చెప్పినదియు ఇంచుమించు ఇదియే. చెప్పువారు చెప్పుచునే యున్నారు. వినుటకు మాకు ఒక తలనొప్పి కావలసివచ్చెను.

బదరికి విడిచిన దినములు ఊఖీమఠమున గడిపితిమి. చిన్నచిన్న గుట్టలెక్కి దిగితిమి, కడుపునిండ నీరు తాగితిమి, కంటినిండ నిద్రపోతిమి. మిత్రునకు తలనొప్పి మఱల రాలేదు. ఐదవనాటి మధ్యాహ్నము తిరిగి చోప్తా చేరి, ఈసారి హాయిగా నిద్రించి, తెల్లవాఱిన పిమ్మటనే బయలుదేరితిమి. సూర్యోదయమును శిఖరముపై చూడవలెనన్న పంతము విడిచితిమి. గణితోపాధ్యాయుడు కొత్త ఏర్పాటు చేసెను: గంటకొకసారి వార్తలు. అందఱము నిలిచి, ఒక్కొక్కరుగా తల, కడుపు, కాళ్ళు వీని సంగతి ఉన్నదున్నట్లు చెప్పవలెను. “అన్నీ బాగున్నాయి” అన్న వార్త చెల్లదు, వివరములు కావలెను. ఎవని వార్తలో తలనొప్పి వినబడిన అందఱము ఆగవలెను. అది హెచ్చిన అందఱము దిగవలెను. మొదటి ప్రసారము చెట్లు ఆగిన చోట, రెండవది తుంగనాథమున, మూడవది మొన్న వెనుదిరిగిన రాతికడ జరిగెను. ఆ రాతిమీద కూర్చుండి అతడు రెండు వేరుసెనగ అచ్చులు తినెను. దారిచూపరి నవ్వి ముందునకు నడచెను.

చంద్రశిలపైకి చేరునప్పటికి పదకొండు గంటలు. చంద్రుడు తపస్సు చేసిన చోటని కొందఱు, రావణవధానంతరము శ్రీరాముడు తపమాచరించిన చోటని కొందఱు చెప్పుదురు. యాత్రికులు పేర్చిన రాళ్ళకుప్పలు, ఒక చిన్న గుడి. నలుదిక్కుల మఱేమియు అడ్డము లేదు. ఉత్తరమున 7,138 మీటర్ల చౌఖంబా నాలుగు స్తంభముల మేడవలె దగ్గఱగా నిలిచెను. దానికి పడమర కేదారనాథ శిఖరము. తూర్పున దూరముగా త్రిశూలము, దాని ప్రక్కన 7,816 మీటర్ల నందాదేవి. మేము నిలిచిన శిఖరము ఆ కొండల ముందు ఒక మెట్టు మాత్రమే. అయినను ఆ మెట్టుమీద నలుగురము ఉంటిమి. మధ్యాహ్నము మబ్బులు మూయునని దారిచూపరి తొందరించగా, నాలుగవ వార్తాప్రసారము ముగించి దిగితిమి.

శ్రోతలలో ఎవరైన ఇట్టి శిఖరమునకు పోదలచినచో ఒకటి రెండు మాటలు చెప్పుట మా విధి. గుండెజబ్బు, ఉబ్బసము, రక్తపుపోటు గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. పర్వతవ్యాధికి మందు వాడుటయు ఆయన చెప్పినట్లే జరుగవలెను. మైదానమునుండి ఒక్క పగటిలో పైకి పోరాదు; నడిమి ఎత్తున ఒకటి రెండు రాత్రులు నిదురింపవలెను. మద్యము కూడదు. తల నొచ్చుచున్నపుడు ఇంకను పైకి ఎక్కరాదు. నొప్పి హెచ్చినను, అడుగు తడబడినను, కూర్చున్నపుడును ఆయాసము తగ్గకున్నను, రాత్రియైనను వెంటనే దిగవలెను. చలికాలమున ఈ బాటను మంచు కప్పును. అప్పుడది తేలిక దారి కాదు. సెలవు లెక్కలో వెనుదిరుగుటకు ఒక దినము, మఱల ఎక్కుటకు ఒక దినము ముందే వ్రాసికొనవలెను.

తిరుగుదారిలో రుద్రప్రయాగకడ బండి ఆపించితిమి. బట్టల దుకాణపు మిత్రుడు మెట్లు దిగిపోయి, మందాకిని కలియుటకు కొంచె మెగువన, అలకనందలో ఒక చిన్న చెంబు ముంచెను. ఆ నది బదరీనాథుని గుడి ముంగిటనుండియే వచ్చును. ఇల్లు చేరినపుడు ఆ చెంబు తల్లిగారి చేతికిచ్చి, ఇది బదరీ తీర్థము కాదని, బదరి మీదుగా వచ్చిన నీరని, ఉన్నదున్నట్లు చెప్పెను. ఆమె కన్నుల కద్దుకొని తాను పుచ్చుకొనిరి. ఆపైన గణితోపాధ్యాయుని దగ్గఱకు పిలిచి, నాలుగు చుక్కలు అతని తలపై చల్లి, “ఇప్పుడెలా ఉంది నాయనా?” అని అడిగిరి. అతడు తల, కడుపు, కాళ్ళు వరుసగా వార్తలు చదివెను.